పేదలకు ఇళ్లు కట్టించే సంస్థలో ఉద్యోగం వచ్చింది, చేరాలా వద్దా?

వశిష్ట తీరం:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సివిల్ డిప్లొమా చేసి ప్రస్తుతం హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అమలాపురం కేంద్రంగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ సైట్ ఇంజనీర్ కావాలంటే అప్లై చేశాను. ఇంటర్వ్యూ అయింది, తీసుకుంటామన్నారు. లాభం చూసుకోకుండా పేద కుటుంబాలకు ఇళ్లు కట్టించడం వాళ్ల పని. ప్రభుత్వ పథకం డబ్బు చాలక మధ్యలో ఆగిపోయిన ఇళ్లను కూడా పూర్తి చేయిస్తారట.

జీతం ఇప్పుడొచ్చేదానికన్నా బాగా తక్కువ. కానీ నాన్నకి ఒంట్లో బాగుండట్లేదు, ఇంటికి దగ్గరగా ఉండాలని ఉంది. ఇంట్లో మాత్రం టెన్షన్ పడుతున్నారు. "ఎన్జీవో అంటే ఫండ్స్ ఉన్నన్నాళ్లే కదరా, ఆ తర్వాతేంటి?" అని అమ్మ. "సేవ చేయాలనుంటే ఆదివారం చెయ్యి, ఉన్న ఉద్యోగం మానుకోవడం ఎందుకు?" అని మామయ్య.

ఇలాంటి చోట పనిచేస్తున్నవాళ్లు, చేసి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. రోజువారీ పని ఎలా ఉంటుంది? సైట్ వరకేనా, ఇంకేమైనా నెత్తిన పడుతుందా?

కొబ్బరాకు పందిరి:
తమ్ముడూ, నేను మలికిపురం వైపు ఇలాంటి సంస్థలోనే ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. నీ పని ముగ్గు పోసిన రోజు మొదలవుతుంది. మా పని అంతకు చాలా ముందే, ఒక్కో కుటుంబం విషయంలో ఏడాది ముందే మొదలవుతుంది. ఆ సంగతి ఇంటర్వ్యూలో చెప్పి ఉండరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మన గోదావరి డెల్టాలో అసలు చిక్కు స్థలం. కొబ్బరి తోటల మధ్య సెంటు భూమి కొనడం కూలీ కుటుంబానికి అయ్యే పని కాదు. అందుకే ఎంతోమంది ఏటిగట్ల మీద, పంట కాలువల పక్కన, డ్రెయిన్ పోరంబోకుల్లో పాకలు వేసుకుని ఉంటారు. అక్కడ పట్టా రాదు, పట్టా లేకపోతే పథకం రాదు. ఇంకో రకం వాళ్లుంటారు. తాత పేరు మీద మూడు సెంట్లు, అందులో ముగ్గురు కొడుకుల కుటుంబాలు. తాత పోయి ఏళ్లయినా పంపకాల్లేవు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. ఆడపడుచు కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లింది, ఆవిడ ఒప్పుకోకుండా ముందుకు కదలదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు, పొజిషన్ సర్టిఫికెట్ కోసం వీఆర్వో, ఈ-కేవైసీ కోసం గ్రామ సచివాలయం. సాయంత్రం అన్నదమ్ముల్ని ఒకే అరుగు మీద కూర్చోబెట్టడం. రాత్రి పది దాటాక ఆ కువైట్ చెల్లెలితో వీడియో కాల్, ఎందుకంటే అప్పటికి గానీ ఆవిడ పని తెమలదు. ఇదంతా చేసేది పదో తరగతో ఇంటరో చదివి, డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసి, అక్కడి నుంచి సంస్థలోకి వచ్చిన ఆడవాళ్లు.

తర్వాత డబ్బు. కేంద్ర ప్రభుత్వ గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టిన రాష్ట్ర పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం, ఇంటికి 1.80 లక్షలు ఇచ్చేవారు. ఆ డబ్బు కూడా దశలవారీగానే వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక ఫొటో తీసి జియో ట్యాగ్ చేస్తే ఆ బిల్లు, స్లాబ్ అయ్యాక ఆ బిల్లు. మరి బేస్‌మెంట్ దాకా లేపడానికి రొయ్యల చెరువు మీద కూలికెళ్లే మనిషి దగ్గర డబ్బెక్కడిది? నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి మొదలుపెడతారు. బిల్లు ఆలస్యమైతే ఆ వడ్డీయే ఇంటిని మింగేస్తుంది. మా సంస్థ బేస్‌మెంట్ వరకు వడ్డీ లేకుండా సర్దుతుంది, బిల్లు పడ్డాక తిరిగి తీసుకుని ఇంకో కుటుంబానికి ఇస్తుంది. ఆ వసూలు కూడా మాదే. వరదొచ్చి పనుల్లేని నెలలో వాయిదా అడగడానికి గుమ్మం దాకా వెళ్లి, అడగకుండా తిరిగొచ్చే రోజులూ ఉంటాయి.

నెత్తిన పడుతుందా అని అడిగావు. పడుతుంది తమ్ముడూ, ముందే తెలిసి రా.

కాకినాడ సాయంకాలం:
చిన్న సందేహం. ప్రభుత్వానికి ప్రత్యేకంగా గృహనిర్మాణ సంస్థే ఉంది, మండలానికి హౌసింగ్ ఏఈ ఉంటారు, సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు. మళ్లీ మధ్యలో స్వచ్ఛంద సంస్థ దేనికి?

మెట్ట మేస్త్రి:
ఏఈ గారికి మండలంలో వందల ఇళ్లుంటాయండి. ఆయన మంచివాడే అయినా ఒక్కో ఇంటి దగ్గర ఎంతసేపు నిలబడగలడు? మేం నిలబడతాం. తేడా అంతే.

నేను పుట్టుకతో తాపీ పనివాణ్ణి, ఇప్పుడు ఒక సంస్థలో కుర్రాళ్లకి, కొంతమంది ఆడవాళ్లకి తాపీ పని నేర్పుతున్నా. వశిష్ట తీరం బాబూ, నువ్వు హైదరాబాద్‌లో నేర్చుకున్నదాన్లో కొంత పక్కన పెట్టాలి. అక్కడ కింద రాయి, మొరం. ఇక్కడ ఒండ్రు, దాని కింద నల్ల బంక. ఎండకి పగుళ్లిస్తుంది, వానకి ఉబ్బుతుంది. రెండడుగులు తవ్వి రాళ్లు పేర్చి గోడ లేపితే రెండో వానాకాలానికి కిటికీ మూల నుంచి పగులు మొదలవుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతి తయారుచేసింది. పైల్ అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీట్ స్తంభం, దాని అడుగున ఉబ్బెత్తుగా గుండులా ఉంటుంది, అది కింద పట్టుకుంటుంది. అన్ని చోట్లా అక్కర్లేదు గానీ ఎక్కడ కావాలో ఎక్కడ వద్దో తేల్చాల్సింది నువ్వే. తేల్చకపోతే పేదవాడి డబ్బు మట్టిలోకి పోతుంది.

ఆ తర్వాత మెరక చేయడం. డెల్టాలో గ్రావెల్ దొరకదు, మెట్ట నుంచి లారీలో రావాలి. లంకల్లోకైతే లారీ కూడా పోదు. సిమెంటు బస్తాలు, ఇనుము, కంకర అన్నీ పంటు మీదో పడవ మీదో దాటించాలి. ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక వైపు ఏటికి నీరొచ్చాక పనే ఆగిపోతుంది. అందుకే మా లెక్కలో ఏడాదికి పన్నెండు నెలలుండవు. జూలై నుంచి అక్టోబర్ దాకా సగం పని, మిగతా నెలల్లో రెట్టింపు పని.

బేస్‌మెంట్ ఎత్తు ఎంత అని ఏ డ్రాయింగూ నీకు చెప్పదు. ఊళ్లో పెద్దవాళ్లని అడుగు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, ఆ నీరు ఏ గుడి మెట్టు దాకా వచ్చిందో వాళ్లకి గుర్తుంటుంది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, ఆ మరక కరెంటు స్తంభాల మీద చాలా రోజులు కనిపించింది. బ్యారేజీ దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పటికే లంకల్లో చాలా ఇళ్ల గడపలు మునిగి ఉంటాయి. ఆ మరకకి పైన నేల ఉండాలి. డబ్బు చాలదంటే గది కొంచెం చిన్నది చెయ్యి గానీ ఎత్తు తగ్గించకు.

సముద్రం పక్కన కాట్రేనికోన, అల్లవరం, ఉప్పలగుప్తం వైపు ఇంకో గండం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో స్లాబ్ కలిపితే ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్లకే కింద పెచ్చులు రాలతాయి. మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించాలంటే ఖర్చు. ఆ పూట నువ్వు సైట్‌లో లేకపోతే మేస్త్రీ పక్కనున్న బోరు నీళ్లే పోసేస్తాడు, అతన్నీ తప్పుపట్టలేం, సాయంత్రానికి పని అవ్వాలి కదా.

గాలి సంగతి. మన తీరానికి భవన నిర్మాణ కోడ్ ప్రకారం సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలి, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తలుపులు, కిటికీల పైన, అంటే లింటెల్ దగ్గర, ఇల్లంతా చుట్టి వచ్చేలా కాంక్రీట్ బ్యాండ్ వెయ్యాలి, బుట్టకి అంచు అల్లినట్టు నాలుగు గోడల్నీ అదే పట్టి ఉంచుతుంది. కొంతమంది కిటికీ మీద ముక్కలు ముక్కలుగా లింటెల్ వేసి వదిలేస్తారు. మా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు అలా వెయ్యరు, యజమాని వద్దన్నా వెయ్యరు. అది చూసినప్పుడు నాకు కడుపు నిండుతుంది.

ఖర్చు తగ్గించడానికి ర్యాట్ ట్రాప్ బాండ్ కూడా నేర్పుతాం. ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి. కేరళలో లారీ బేకర్ గారు దాన్ని ఊరూరికీ తెచ్చారు. సుమారు పావు వంతు ఇటుకలు మిగులుతాయి, ఇల్లు చల్లగా ఉంటుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ ఉంటేనే సుమా.

కాకినాడ సాయంకాలం:
వివరంగా చెప్పారు మేస్త్రీ గారూ. మా నాన్నగారు 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను గురించి ఇప్పటికీ చెబుతుంటారు. వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. ఆ తర్వాత చాలా సంస్థలు వచ్చి ఇళ్లు కట్టాయని విన్నాను. అలా వచ్చినవేనా ఇప్పుడున్నవి?

జమాఖర్చు:
కొన్ని అలా పుట్టినవే. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన తర్వాత, మళ్లీ 1996 తర్వాత తీరంలో ఇళ్ల పని చేసే సంస్థలు పెరిగాయి. ఇంకో పాయ కూడా ఉంది. అమెరికాలో 1976లో ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో తొలి ఇళ్లు కట్టింది 1983లో, మన పొరుగునున్న ఖమ్మంలో. కుటుంబం తన కష్టం కలపాలి, ఇచ్చిన సొమ్ము మీద లాభం తీసుకోకూడదు, తిరిగొచ్చిన సొమ్ము ఇంకో ఇంటికి వెళ్లాలి అన్నది వాళ్ల పద్ధతి. పైన కొబ్బరాకు పందిరి గారు చెప్పిన బేస్‌మెంట్ అప్పు కూడా ఆ దారిలోదే.

నేను రెండు సంస్థలకి లెక్కలు చూశాను కాబట్టి జీతాల గురించి రాస్తా. ఆ మాట ఎవరూ ఎత్తట్లేదు.

దాతలందరూ అడిగే మొదటి ప్రశ్న, "మేమిచ్చిన దాన్లో జీతాలకెంత పోతుంది?" అని. ఇటుకలకైతే ఇస్తాం, మనిషికి మాత్రం ఇవ్వం అంటారు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్ములో కొంత చిన్న సంస్థకి ఇచ్చే దారి కూడా అప్పుడే మూసేశారు. నర్సాపురం, ముమ్మిడివరం లాంటి చోట్ల ఐదారుగురితో నడిచే చిన్న సంస్థలకి ఆ దెబ్బ గట్టిగా తగిలింది.

ఇక కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలి. నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదని నిబంధన ఉంది. కానీ ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకి. ప్రాజెక్టు అమలుకి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. సైట్ ఇంజనీర్ జీతం, ఫీల్డ్ కోఆర్డినేటర్ జీతం ప్రాజెక్టు ఖర్చే. అయినా ఆ 5 శాతాన్నే పట్టుకొచ్చి సంస్థ నెత్తిన పెట్టే కంపెనీలు నాకు తగిలాయి. బడ్జెట్‌లో సిమెంటు, ఇనుము, సెంట్రింగ్ అన్నీ ఉంటాయి, పొద్దున ఆరింటికి స్లాబ్ దగ్గర నిలబడే మనిషి మాత్రం ఉండడు. మేస్త్రీ గారు చెప్పిన ఉప్పునీళ్లని ఎవరాపుతారు మరి? జీతం ఇవ్వకుండా ఆదా చేశామనుకుంటారు, ఆ ఆదా స్లాబ్‌లోంచి పెచ్చులై రాలుతుంది. ఈ సంగతి చెప్పీ చెప్పీ నాకు గొంతు పోయింది, అయినా చెబుతూనే ఉంటా.

వశిష్ట తీరం గారూ, చేరేముందు ఇవి అడగండి: మీ జీతం ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది, ఆ ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంది, రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీలో జీతం ఎలా? పీఎఫ్ ఉందా? 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులుంటే పీఎఫ్ తప్పనిసరి. ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకి, 10 మంది చాలు, నెల వేతనం 21 వేల లోపు ఉండాలి. నాన్నగారి ఆరోగ్యం అన్నారు కాబట్టి ఈఎస్ఐ సంగతి ముఖ్యంగా అడగండి, ఆధారపడిన తల్లిదండ్రులకీ వర్తిస్తుంది.

ఆచంట కుర్రాడు:
అందరూ మంచే రాస్తున్నారు, నేను ఇంకోవైపు చెప్తా. మా చుట్టాలుండే కాలనీలో తుఫాను తర్వాత ఒక సంస్థ వచ్చి ఇళ్లు మొదలుపెట్టింది. సగం ఇళ్లు పూర్తయ్యాయి, సగం లింటెల్ దగ్గర ఆగిపోయాయి. దాతల పేర్లున్న బోర్డు మాత్రం ఇప్పటికీ ఉంది. ఉన్న పాక పీకేసుకుని గోడల మధ్య టార్పాలిన్ కట్టుకుని ఏళ్ల తరబడి ఉన్నారు మా పిన్నివాళ్లు. అడుగుదామంటే ఆఫీసులో పాత మనిషి ఒక్కరు లేరు. అలాంటివాళ్లని ఏమనాలి?

కొబ్బరాకు పందిరి:
ఆ కోపం న్యాయమైనదే అబ్బాయ్. పాక పీకించాక ఇల్లు పూర్తి చేయకపోవడం ఏ కారణంతోనూ సమర్థించలేం. డబ్బు మొత్తం చేతికి రాకుండా పాక మీద చెయ్యి వేయకూడదన్నది మా దగ్గర మొదటి నియమం. కొత్త ఇంటి పక్కనే తాత్కాలికంగా తాటాకు పాక వేశాకే పాతది తీస్తాం.

పాత మనిషి ఒక్కరు లేరన్నావు చూడు, జమాఖర్చు గారు చెప్పింది అక్కడే ఉంది. ప్రాజెక్టు అయిపోగానే జీతాలు ఆగుతాయి, మనుషులు వేరే పని చూసుకుంటారు. ఏ ఇంటికి ఎంత బాకీ, ఎవరికి ఏ మాట ఇచ్చాం అన్నది వాళ్లతోనే వెళ్లిపోతుంది. మీ పిన్నివాళ్లకి పథకం కింద ఎప్పుడైనా మంజూరు అయిందేమో సచివాలయంలో ఆధార్ నంబర్‌తో చూపించండి. పేరు జాబితాలో ఉండి బిల్లు ఆగిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. ఏ మండలమో ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు, అక్కడ పనిచేసేవాళ్లని కనుక్కుంటా.

లంక పిల్ల:
నేను ఇల్లు కట్టించుకున్నవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను. మాది గౌతమి పాయ మీద లంక గ్రామం. నాన్న లేరు. అమ్మ పేరు మీదే ఇల్లు. పట్టా కాగితాల దగ్గర్నుంచి స్లాబ్ దాకా మాతో తిరిగిన ఆవిడని మేం హౌసింగ్ అక్క అంటాం. ఇంజనీర్ అన్నయ్య బేస్‌మెంట్ ఎత్తు పెంచుదామంటే అమ్మ డబ్బు వృథా అని గొడవపడింది కూడా. 2022 వరదకి నీళ్లు మా మూడో మెట్టు దగ్గర ఆగిపోయాయి. పక్కిళ్ల బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, రెండు మేకలు మా స్లాబ్ మీదే. వరద తీశాక వాళ్లిద్దరూ పడవ మీద వచ్చి గోడలు, మరుగుదొడ్డి ట్యాంకు చూసి వెళ్లారు. అప్పటికి మా ఇంటి ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది, రావాల్సిన పని లేదు.

నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. హౌసింగ్ అక్కకి సొంత ఇల్లు లేదు. అద్దెకుండే పెంకుటిల్లు, వానొస్తే గిన్నెలు పెట్టుకుంటుంది. ఇంతమందికి ఇళ్లు కట్టించిన మనిషికి ఇల్లు రాదా అని అడిగితే నవ్వేసింది.

కొబ్బరాకు పందిరి:
మా సంస్థలోనూ అలాంటివాళ్లున్నారమ్మా. ఆవాస్ యోజన నిబంధనల్లో ఇంట్లో ఎవరికైనా నెలకి 10 వేలు దాటి ఆదాయం ఉంటే అర్హత ఉండేది కాదు, బైకు ఉన్నా ఉండేది కాదు. ఊళ్లు తిరగాలంటే మాకు బండి తప్పదు కదా. 2024లో ఆ ఆదాయ పరిమితి 15 వేలు చేశారు, బైకు, ఫ్రిజ్ షరతులు తీసేశారు. మీ అక్కకి జీతం 15 వేల లోపైతే ఆవిడ పేరు కొత్త సర్వేలో ఉందో లేదో చూసుకోమని చెప్పు. మేం ఊరందరి పేర్లూ చూస్తాం, మా పేర్లు చూసుకోం.

లంక పిల్ల:
ఇవాళే ఫోన్ చేస్తాను అక్కా.

వశిష్ట తీరం:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇవన్నీ రాసుకుని సంస్థ ఆఫీసుకి వెళ్లి అడిగాను. ప్రాజెక్టు రెండేళ్లకి ఉందట. పీఎఫ్ ఉంది, ఈఎస్ఐ గురించి సరిగ్గా చెప్పలేదు, కనుక్కుని చెబుతామన్నారు. మధ్యలో ఖాళీ వస్తే సగం జీతం ఇస్తామన్నారు. పెట్రోల్ అలవెన్సు వేరే. అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నన్ను కట్టిన ఇళ్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ప్రతి ఇంట్లోవాళ్లనీ పిల్లల పేర్లతో సహా పలకరించారు. ఒక ఇంటి గోడ మీద పగులు ఉంటే దాచకుండా దాని దగ్గరికే తీసుకెళ్లి ఎందుకొచ్చిందో చెప్పారు. అది నాకు బాగా నచ్చింది.

అమ్మకి పైన లంక పిల్ల గారు రాసింది చదివి వినిపించాను. "నువ్వు కట్టిన ఇల్లు నేనూ వచ్చి చూస్తా" అంది. మామయ్య ఇంకా ఒప్పుకోలేదు. చేరదామనే అనుకుంటున్నాను.

జమాఖర్చు:
సంతోషం. సగం జీతం మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, నోటిమాటగా వదలొద్దు. జీతం పెంచమని అడగడానికీ మొహమాటపడకండి. మీరు తక్కువకి ఒప్పుకుంటే మీ తర్వాత వచ్చేవాళ్లకీ అదే లెక్క అవుతుంది. లెటర్ రాగానే నాకు మెసేజ్ పెట్టండి, సంతకానికి ముందు ఒకసారి చూస్తా. ఆ ఈఎస్ఐ సంగతి రెండోసారి అడగండి.

మెట్ట మేస్త్రి:
బాబూ, హైదరాబాద్ సైట్ లెక్కలు అప్పజెప్పి ఎప్పుడొస్తావో చెప్పు. మామిడికుదురు దగ్గర ఒక ఇంటికి పునాదులు తీస్తున్నాం, కింద బంక ఎక్కడ తగిలిందో నీ కళ్లతో చూద్దువు గాని. గమ్‌బూట్లు తెచ్చుకో, ఇంకా తడిగానే ఉంది.